నిశ్చితార్థం ఉంగరం: ఏ రాయి అనే ముందు, ఏ చేతికి?

వజ్రపుటుంగరం ప్రత్యేకంగా చేయించుకుందామని వచ్చే జంటలు మొదట అడిగేది ఒకటే, "ఇప్పుడు ఏ షేప్ నడుస్తోందండీ?" అని. నేను తిరిగి అడిగేది, "అమ్మాయి రోజంతా ఏం పని చేస్తుంది?"

ఈ మధ్య వచ్చిన జంటనే తీసుకుందాం. అమ్మాయికి సొంత బ్యూటీ పార్లర్ ఉంది. పొద్దుటి నుంచి చేతులు జుట్టులో, నూనెలో, క్రీముల్లో. అబ్బాయి ఫోన్‌లో చూపించిందేమో ఆరు ప్రాంగుల మీద ఎత్తుగా నిలబడ్డ రౌండ్ సాలిటేర్. 1886లో టిఫనీ వాళ్లు తెచ్చిన పద్ధతి అది. రాయిని బంగారంలో కూర్చోబెట్టకుండా గోళ్లతో పైకెత్తి పట్టుకుంటారు. వెలుతురు బాగా ఆడుతుంది, అందం గురించి వంక పెట్టను. కానీ ఆ గోళ్లకి కస్టమర్ల వెంట్రుకలు చిక్కుకుంటాయి. ఇంకోటి, వజ్రానికి జిడ్డంటే మహా ప్రీతి. గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద వజ్రాలు అంటుకునేలా చేసి ఏరేవాళ్లు, అంత! రాయి అడుగున నూనె పేరుకుంటే ఎంత మంచి కట్ అయినా మసకే.

"పనిలో తీసి పక్కన పెట్టొచ్చు కదా" అన్నాడు అబ్బాయి. "తీసి పెట్టే ఉంగరమైతే నాకెందుకు?" అంది ఆ అమ్మాయి. అసలు సంగతి అక్కడే తేలింది.

ఇలాంటి చేతికి నేను చెప్పేది బెజెల్, మన దగ్గర క్లోజ్డ్ సెట్టింగ్ అంటారే, అదే. రాయి చుట్టూ బంగారపు అంచు. అమ్మమ్మల ఏడు రాళ్ల దిద్దులు గుర్తున్నాయా? అవి వెనక కూడా మూసి ఉండేవి. ఇప్పుడు వెనక తెరిచి ఉంచుతాం, కడగడానికి వీలుగా. మెరుపు ప్రాంగులంత రాదు, కాస్త తగ్గుతుంది. ఆ మాట ముందే చెప్పేస్తాను.

ఇక షేపు. 50 సెంట్లు, అంటే అర క్యారెట్ రౌండ్ దాదాపు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే బరువు ఓవల్ సుమారు 6 బై 4. వేలి పొడవునా పెడితే వేలు సన్నగా కనిపిస్తుంది, రాయీ పెద్దదనిపిస్తుంది. కోహినూర్ కూడా 1852లో మళ్లీ సాన పట్టాక ఓవలే లెండి! అయితే జీఐఏ వాళ్ల సర్టిఫికెట్‌లో కట్ గ్రేడ్ రౌండ్‌కే ఉంటుంది, ఓవల్‌కి మీ కళ్లే గ్రేడు. మధ్యలో బో టై లాగా నల్లటి నీడ పడుతుందేమో అటూ ఇటూ తిప్పి చూడాలి. షాపు స్పాట్‌లైట్ కింద ఏ రాయైనా నవ్వుతుంది. కిటికీ దగ్గరికి పట్టుకెళ్లండి.

ప్రిన్సెస్ కట్ మూలలు దెబ్బ తగిలితే విరుగుతాయి. వజ్రం గీతలు పడదు గానీ, విరగదని కాదు. మూలలకి వీ ఆకారం ప్రాంగు ఉండాల్సిందే. ఎమరాల్డ్ కట్ నాకు ఇష్టం, కానీ లోపల మచ్చుంటే అద్దంలో చూపించినట్టు చూపిస్తుంది. క్లారిటీకి డబ్బు పెట్టగలిగితేనే.

అమ్మాయి వాళ్లమ్మగారు 22 క్యారెట్లే కావాలన్నారు. "రేపు మార్చుకుంటే విలువ రావాలి కదయ్యా" అని. ఆవిడ మాట తీసిపారేసేది కాదు. కాకపోతే 22 మెత్తన, రోజూ పెట్టుకునే ఉంగరంలో రాయి పట్టు వదులుతుంది. 18లో 75 శాతం బంగారం, హాల్‌మార్క్‌లో 750 అని ఉంటుంది. రాయి ఊడిపోతే పోయే డబ్బుతో పోలిస్తే ఆ తేడా ఏపాటి? చివరికి ఒప్పుకున్నారు.

క్యాడ్ బొమ్మ చూసి ఓకే అనకండి. స్క్రీన్ మీద ఎత్తు తెలీదు. ఈ అమ్మాయికి రెజిన్ నమూనా ఇచ్చి రెండు రోజులు పార్లర్‌లో పెట్టుకోమన్నాను. మసాజ్ చేసేటప్పుడు అంచు తగులుతోందంది. ఇంకొంచెం దించి, అంచు గుండ్రం చేశాం. కొలత కూడా పొద్దున్నే చల్లటి చేతికి తీసుకోవద్దు, సాయంత్రం ఇంకోసారి చూడండి. వేళ్లు ఉబ్బుతాయి.

వారానికోసారి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సోపు, మెత్తటి బ్రష్. సింక్ కన్నం మూసి మరీ కడగండి! వచ్చే ఎపిసోడ్‌లో ల్యాబ్ వజ్రాల సంగతి చూద్దాం.