రాత్రి దీపములు – మన జలాశయములు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు చక్కగా సెలవిచ్చిరి. మేము మన యన్నమును గూర్చి, అనగా మన నీటిని గూర్చి, కొన్ని మాటలు మనవి చేసెదము. సంఘధనముతో ఎల్.ఇ.డి. దీపములు కొని, రాత్రివేటకై యువకులకు పంచవలయునని కొందఱు కోరుచున్నారు. ఔనని తలయూఁచుటకుఁ గాని, కాదని త్రోసివేయుటకుఁ గాని ముందు, ఆ పని తత్త్వమును విచారింపవలసియున్నది.

దీపమునొద్దకు చేప వచ్చునని మన పెద్ద లెఱుఁగుదురు. వెన్నెలరాత్రి దీపమునకు బలము తక్కువ; అమావాస్య చీఁకటియే దానికి అదను. అయినను చేప వెలుఁగును దినుటకు రాదు గదా! కంటికిఁ గనఁబడీ కనఁబడని నీటిప్రాణులు వెలుఁగునొద్ద గుమిగూడును. వానికై పరిగెలవంటి చిఱుచేపలు వచ్చును. వానిని మ్రింగుటకు వాలుగ, జెల్ల మున్నగు రాత్రించరములు వెలుఁగుచీఁకట్ల సందున పొంచియుండును.

అమెరికా దేశమున క్రాపీ యను చేపను ఇట్లే పట్టుదురు. సరస్సులపై వంతెనలక్రింద దీపము వ్రేలాడఁగట్టి, ఈ పంక్తి కూడువఱకు ఓపికతో వేచియుండి, గాలము వేయుదురు. అక్కడి వేఁటగాఁడు ఒక్కొక్క చేపనే తీయును. దినమునకు ఇన్నియే పట్టవలెనను కట్టుబాటును రాష్ట్రములు విధించుచుండును. ఆఫ్రికాలో జాంబెజీ నదిపై 1959లో ముగిసిన కరీబా జలాశయమునందు 1967-68 సంవత్సరములలో కపెంటా యను చిన్నచేపను విడిచిరి. దానిని రాత్రులందు దీపములతోనే పట్టుచున్నారు. ఆ చేప స్వభావముచేతనే చిన్నది, అల్పాయువు, త్వరగా సంతానము వృద్ధిచేసికొనును. కావున అచ్చట దీపము జీవనాధారమైనది.

మన నీళ్ల సంగతి వేఱు. పానగల్లు ఉదయసముద్రము, దిండి, మూసీ, కోయిలుసాగరము, జూరాల, 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము, సోమశిలవఱకు నిలిచిన శ్రీశైలము వెనుకనీరు — వీనియందు మన యాశ యంతయు బొచ్చె, రవ్వ మొదలైన పెద్దచేపలపైనే. బొచ్చె నీటి పైభాగమున సంచరించుచు సూక్ష్మప్రాణులనే యాహారముగాఁ గొనును. దీపమునొద్ద ఆ ప్రాణులు గూడినప్పుడు, మనము విడిచిన బొచ్చెపిల్లలును అచ్చటికే వచ్చుట సహజము. క్రింద దోమతెరవంటి అలివివల యున్నచో గతి యేమగును? పదేసి గ్రాముల పిల్లలు నూఱు కలిసిన ఒక కిలో. అందు సగము చచ్చి సగమే బ్రతికి, ఏఁటికి కిలోచొప్పున పెరిగినను ఏఁబది కిలోలు. ఏఁబదింటిని ఒకటికి అమ్ముకొను వర్తకము లోకమునఁ గలదా?

మఱియొక కీడు తొలకరినాఁటిది. క్రొత్తనీటికి చేపలు గ్రుడ్లతో వాగులకు ఎదురెక్కును. ఆ రాత్రులందు టార్చిలైట్లు పట్టి, కళ్లు చెదరి నిలిచిన చేపను బల్లెముతోఁ బొడుచువారు కలరు. మన రాష్ట్రమత్స్యమైన కొర్రమీను పిల్లలను విడువక కాచుకొనును. ఆ తల్లిదండ్రులను బొడిచితిమేని పిల్లలమంద యంతయు ఇతర చేపలపాలగును. ఒక్కపోటునకు ఒక వంశము నశించును.

శాసనములును మౌనముగా లేవు. 1897 నాఁటి భారత మత్స్యశాసనము ప్రేలుడుమందును, విషమును నిషేధించెను. సముద్రమున ఎల్.ఇ.డి. దీపములతో వేఁటాడుటను 2017లో కేంద్రప్రభుత్వము నిషేధించెను. తీరమువారికిఁ గలిగిన చేటు మన చెఱువుగట్టునకు వచ్చుదాఁక వేచియుండుట వివేకము గాదు.

యువకుల కోరిక దుర్బుద్ధితోఁ బుట్టినది కాదని మే మెఱుఁగుదుము. పగలెల్ల కూలికిఁ బోయి, రాత్రి నాలుగు చేపలు తెచ్చి యిల్లు గడుపుకొనువాని బాధ నిజమైనది. కావున దీపమునే దోషిగాఁ జేయము. పుట్టిలో దారి చూచుకొనుటకును, కట్టపై కావలి గాచుటకును దీప ముండనిండు. వాలుగకై గాలము వేయువానికి సొసైటీవారు అనుమతించినచో, శాసనమునకు లోఁబడి, చిన్న దీపమును ఉండనిండు. కాని కరెంటుతీఁగను నీటిలోనికి దింపుట ఎన్నఁడును వలదు. అది చేపకంటె ముందు మనిషిని గొనిపోవును.

కాఁబట్టి ఈ సభవారికి మా విన్నపములు మూఁడు. దీపముక్రింద సన్నకన్నుల వల వేయరాదని ప్రతి సొసైటీయు తీర్మానింపవలెను. తొలకరి వరదలందు అలుగులయొద్దను, వాగులయందును రాత్రివేఁట మానవలెను. దీపములకై కోరిన ధనముతో పెద్దకన్నుల వలలు కొని, బీదకుటుంబములకు ముందుగా నీయవలెను. పోషకమహాశయులు ఈ మూఁడవదానికి చేయూత నిత్తురుగాక!

వల మన చేతిది. నీరు మన బిడ్డలది. వారి పాలు మనము నేఁడే తినకుందుముగాక!