కుట్టిన చేతికి లెక్క చూసే హక్కు

(మార్కాపురంలో కుట్టుపని శిక్షణ పొందుతున్న యువతులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాము. మా ఉద్యోగ జీవితంలో అధిక భాగం మస్టరు రోళ్లు, జీతాల బిల్లులు, అక్విటెన్సు రిజిస్టర్ల మధ్యనే గడిచింది. కుట్టుమిషను మీద కూర్చోవడం మాకు తెలియదు. కానీ ఒకరు చేసిన పని కాగితం మీద ఎలా ఎక్కుతుందో, కాగితం మీది అంకె చేతిలోకి డబ్బుగా వచ్చేలోపల ఎక్కడెక్కడ తరుగుతుందో మాకు బాగా తెలుసు. ఈ రోజు ఆ ఒక్క విషయమే మీతో మాట్లాడదలచుకున్నాము.

మన పశ్చిమ ప్రకాశం వర్షాధార ప్రాంతం. పొలం పండని ఏడు వలస తప్పదు. మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతటా పిల్లల చేతుల్లో ఉండేవి. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. మనలో దూదేకుల కుటుంబాలవారు విల్లుతో దూది ఏకి బతికారు. యంత్రం వచ్చి ఆ విల్లును మూలకు చేర్చింది. ఇప్పుడు మన ఆడపిల్లలకు కనిపిస్తున్న దారి కుట్టుపని. కొందరు బెంగళూరు వస్త్ర కర్మాగారాలకు వెళుతున్నారు. మన రాష్ట్రంలోనే రాయదుర్గంలో జీన్సు కుట్టుపని ఉంది, విశాఖ సమీపాన అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ దుస్తుల పార్కులో వేలమంది మహిళలు పనిచేస్తున్నారు. ఇంటి నుంచి కదలలేనివారు గడపలోనే మగ్గం వర్కు, చీరల ఫాల్సు, జాకెట్ల హెమ్మింగు చేస్తున్నారు. ముస్లింలు నెలజీతపు ఉద్యోగాల్లో తక్కువగా, స్వయం ఉపాధిలో ఎక్కువగా ఉన్నారని, ముస్లిం మహిళలు ఇంటిపట్టున చేసే పనుల్లో అధికంగా ఉన్నారని 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చెప్పింది. కనుక పీసు లెక్కన కూలి అనేది మనకు ఇంటి విషయం.

గత సంవత్సరం గిద్దలూరు వైపు నుంచి బెంగళూరు వెళ్లి ఒక వస్త్ర కర్మాగారంలో పనిచేస్తున్న యువతి పండుగకు ఇంటికి వచ్చి మమ్మల్ని కలిసింది. "చాచా, నా లెక్కకూ కంప్యూటరు లెక్కకూ పొంతన కుదరడం లేదు" అంటూ ఒక చిన్న నోటుబుక్కు మా ముందు పెట్టింది. అందులో రోజువారీగా గీతలు గీసి ఉన్నాయి, ఐదేసి గీతలకు ఒక కట్టు. ప్రతిరోజూ ఆమె గీతల కంటే కంప్యూటరు అంకె ముప్పై, నలభై తక్కువ. మేమిద్దరము కూర్చుని సరిచూడగా కారణం తేలింది. చెకింగులో ఏదైనా పీసును ఆల్టరేషనుకు వెనక్కు పంపితే కంప్యూటరు దానిని ఆమె లెక్క నుంచి తీసివేస్తున్నది. ఆమె విప్పి మళ్లీ కుట్టి ఇచ్చిన తరువాత ఎవరూ దానిని తిరిగి స్కాన్ చేయడం లేదు. పీసు మాత్రం మంచి పీసుగానే పెట్టెలోకి వెళ్లిపోతున్నది.

పీసుకు 60 పైసలు అనుకుందాము. రోజుకు 40 పీసులు పోతే 24 రూపాయలు, 26 పనిదినాలకు 624 రూపాయలు. ఊళ్లోని తల్లికి పంపే సొమ్ములో ఇది చిన్నదేమీ కాదు. ఆమె తిరిగి వెళ్లి తన లైనులోని మరికొందరితో కలిసి అడిగింది. మొదట, కంప్యూటరు తప్పు చెప్పదన్నారట. నోటుబుక్కులు ముందు పెట్టాక పాత టికెట్లు తీసి చూశారు. ఆ నెల తేడా వచ్చింది. అంతకుముందు నెలల సొమ్ము రాలేదు, ఆ నెలలకు ఆమె వద్ద రాత లేదు కనుక.

అసలు ఈ లెక్క ఎలా జరుగుతుందో తెలుసుకుందాము. కటింగ్ అయిన బట్టను బండిళ్లుగా కట్టి, ఒక్కొక్క బండిలుకు టికెట్ వేస్తారు. ఏ ఆర్డరు, ఏ సైజు, ఎన్ని పీసులు, ఏ కుట్టు అనేవి దానిమీద ఉంటాయి. పూర్వం కుట్టినవారు టికెట్టులోని తమ ముక్కను చించి కాగితం మీద అంటించి సాయంత్రం గుమాస్తాకు ఇచ్చేవారు. ఇప్పుడు ఆ టికెట్ మీద బార్‌కోడ్ గాని, క్యూఆర్ కోడ్ గాని ఉంటుంది. స్కాన్ చేయగానే ఆమె పేరున అన్ని పీసులు ఎక్కుతాయి. సాఫ్ట్‌వేరు దానిని రేటుతో గుణించి కూలి కడుతుంది.

దీనితోపాటు మరొక అంకె ఉంది. ప్రతి కుట్టుకూ ఇంత సమయం పట్టాలని ముందే నిర్ణయిస్తారు. దానిని ఎస్.ఏ.ఎం. అంటారు. అంటే ఆ పనికి అనుమతించిన నిమిషాలు. నెలజీతం ఇచ్చే చోట కూడా టార్గెట్టు దీని నుంచే పుడుతుంది. జేబు అంచు కుట్టడానికి అర నిమిషం అనుకుందాము. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. అప్పుడు నూరు శాతం పని 960 పీసులు. ఒకామె 720 కుడితే ఆమె పనితీరు 75 శాతం. ఇప్పుడు ఎవరో ఆఫీసులో కూర్చుని అర నిమిషాన్ని 0.4 నిమిషంగా మార్చారనుకోండి. టార్గెట్టు 1200 అవుతుంది. ఆమె అవే 720 పీసులు కుట్టినా తెరమీద 60 శాతం కనిపిస్తుంది. ఆ చేతులు నెమ్మదించలేదు, మారినది అంకె ఒక్కటే.

ఇంకొకటి. ఆ రోజు రెండు గంటలు కరెంటు లేదు, లేదా కటింగ్ నుంచి బట్ట రాలేదు. ఆమెకు మిగిలినవి 360 నిమిషాలు. అందులోనే 720 పీసులు కుట్టిందంటే అర నిమిషం లెక్కన ఆమె పని నూరు శాతం. కానీ ఖాళీగా గడచిన ఆ రెండు గంటలను సూపర్‌వైజరు నమోదు చేయకపోతే కంప్యూటరు మళ్లీ 75 శాతమే అంటుంది. గుణకారంలో తప్పు ఉండదు. గుణించడానికి ఇచ్చిన అంకెలలో తప్పు ఉంటుంది. ఆ అంకెలను వేసేది మనిషే.

అందువల్ల యంత్రం మీద మాకు కోపం లేదు. నిజాయితీగా నడిపితే బార్‌కోడ్ మేస్త్రీ చేతివాటాన్ని అరికడుతుంది, ఒకరి పీసులు మరొకరి పేరున పడకుండా చూస్తుంది. ఎన్ని పీసులు ఏ దశలో ఉన్నాయో యజమానికి తెలిస్తే ఆర్డరు సమయానికి వెళుతుంది, అది కార్మికులకూ మేలే. మా అభ్యంతరమల్లా ఒక్కటే: ఆ లెక్క ఒకవైపువారికి మాత్రమే కనిపించరాదు.

ఇది కొత్త కోరిక కాదు. ఉపాధి హామీ పథకంలో దీనిని మనం చూశాము. అక్కడ కూలి కొలతల మీదనే. ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీస్తే అంత కూలి. మన రాష్ట్రంలో మస్టర్లు, చెల్లింపులు కంప్యూటర్లలోనే నడిచాయి. అయితే ఆ చట్టంలోని 17వ సెక్షను సామాజిక తనిఖీని గ్రామసభ బాధ్యతగా చేసింది. తనిఖీ బృందం ఇంటింటికీ వచ్చి, నీ పేరున ఇన్ని రోజులు, ఇంత సొమ్ము రాసి ఉంది, ముట్టిందా అని అడిగేది. తరువాత మండలంలో ప్రజావేదిక మీద అందరి ముందు చదివేవారు. కంప్యూటరు లెక్కను కూలివాని నోటితో సరిచూసే పద్ధతి అది. ఆ పథకంలోనే 2023 జనవరి నుంచి హాజరును మొబైల్ యాప్‌లో ఫోటో తీసి నమోదు చేయడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని చోట పనిచేసిన మనిషి ఎండలో నిలబడి ఉన్నా హాజరు పడని అవస్థ వచ్చింది. సరిచూసే మార్గం ఉంటే సాఫ్ట్‌వేరు కూలివానికి తోడు, లేకుంటే అదే అడ్డు.

ఇంకా వెనక్కు వెళితే బీడీ కార్మికులున్నారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చుట్టిన బీడీలలో కొన్నిటిని బాగాలేవని తీసివేయడం వారికి తరతరాల బాధ. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం 39వ సెక్షనులో ఆ తిరస్కరణ వివాదాలను, తిరస్కరించిన బీడీల కూలి వివాదాలను పరిష్కరించే అధికారి ఉండాలని నిర్దేశించింది. పీసును కాదనే అధికారం ఉన్నచోట, ఎందుకు కాదన్నారని అడిగే చోటు కూడా ఉండాలని చట్టం ఆనాడే గుర్తించింది.

ఇక మీకున్న హక్కులు వినండి. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, పీసు రేటు మీద పనిచేసినా, ఆ పనికి కనీస పీసు రేటు కాక కాలాన్నిబట్టి కనీస వేతనం నిర్ణయించి ఉంటే, అంతకు తగ్గించి ఇవ్వరాదని ఉండేది. ఈ సూత్రమే 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. యజమాని పని ఇవ్వలేక ఖాళీగా కూర్చోబెడితే ఆ కాలానికి కోత పెట్టరాదన్నది కూడా పాత చట్టం నుంచి కోడ్‌లోకి వచ్చిన నియమమే. అదనపు గంటలకు రెట్టింపు రేటు చెల్లించాలి. నెలజీతం మరుసటి నెల ఏడవ తేదీలోపు ముట్టాలి. వేతన చీటీ ఇచ్చి తీరాలి. తక్కువ చెల్లించారని కార్మికులు గాని, వారి రిజిస్టర్డ్ సంఘం గాని మూడేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు చెల్లించామని రుజువు చేసే భారం యజమానిదే. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికి వస్తుందని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రుజువు భారం యజమానిది కదా, మనకెందుకు రాత అనవద్దు. ఫిర్యాదు చేయాలంటే ముందు మనకు తేడా కనబడాలి. కనుక పనికి వెళ్లే ప్రతి అమ్మాయికీ మేము నాలుగు మాటలు చెబుతున్నాము.

ఒకటి, బడి నోటుబుక్కు ఒకటి కొనుక్కో. తేదీ, ఏ కుట్టు, ఎన్ని బండిళ్లు, ఎన్ని పీసులు, ఎన్ని ఆల్టరేషన్లు, ఎంతసేపు పని ఆగింది, ఎందుకు ఆగింది అనేవి ఏ రోజుకారోజు రాసుకో. రెండు, కొత్త నమూనా లైనులోకి వచ్చినప్పుడు పీసు రేటెంత, నిమిషాలెన్ని అని మొదటిరోజే అడిగి రాసుకో. నెలాఖరున అడిగితే జవాబు మారుతుంది. మూడు, తిరగ కుట్టిన పీసును మళ్లీ స్కాన్ చేసేదాకా అక్కడే నిలబడు. నాలుగు, తేడా వస్తే ఒంటరిగా వెళ్లవద్దు. 2016 ఏప్రిల్‌లో భవిష్యనిధి సొమ్ము తీసుకోవడంపై ఆంక్షలు వచ్చినప్పుడు బెంగళూరు వస్త్ర కార్మికులు వేలాదిగా రోడ్డుమీదికి వచ్చారు. వారిలో అత్యధికులు మహిళలే. కేంద్రం ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నది. మన పిల్లల మాట చెల్లదని ఎవరూ అనుకోనక్కరలేదు.

ఇంట్లో కూర్చుని పనిచేసే అక్కలకు బార్‌కోడ్ కూడా లేదు. మేస్త్రీ వాట్సాప్‌లో ఫోటో అడుగుతాడు, లెక్క తన పుస్తకంలో రాసుకుంటాడు. ఆ ఫోటోలను చెరిపివేయవద్దు. తెచ్చిన చీరలెన్ని, ఇచ్చినవెన్ని, రేటెంత అని తిరిగి అతనికే ఒక మెసేజి పెట్టండి. అతడు 'సరే' అన్నా అదొక రసీదే.

మా పెద్దలకు, మనలో చిన్న యూనిట్లు పెట్టుకున్న సోదరులకు కూడా ఒక మాట. ఖుర్ఆన్‌లో 83వ సూరాకు తూనికలో కొలతలో తగ్గించేవారి పేరే ఉంది. తక్కెడ ఇప్పుడు ఫోనులోకి వచ్చింది. అంతమాత్రాన కొలత ధర్మం మారలేదు. మీరు సాఫ్ట్‌వేరు కొనేటప్పుడు, రోజు చివర ప్రతి కార్మికురాలికీ ఆమె లెక్క తెలుగులో కనబడుతుందా, తప్పు ఉంటే ఆమె అభ్యంతరం నమోదు చేసే వీలుందా, రేటు మార్చితే ఎవరు, ఎప్పుడు మార్చారో నిలిచి ఉంటుందా అని అడగండి. మా కార్యాలయంలో అంకె దిద్దితే పక్కన పొట్టి సంతకం పెట్టాలనేది నియమం. కంప్యూటరులో దిద్దిన అంకెకూ ఆ సంతకం ఉండాలి.

ఈ శిక్షణ కేంద్రం నిర్వాహకులకు మా విన్నపం ఇదే. కాలరు, కఫ్, కాజాలు నేర్పుతున్నారు. వారానికి ఒక గంట వేతన చీటీ చదవడం కూడా నేర్పండి. చీటీలు, కాగితాలు మేము తెస్తాము. ఈ శుక్రవారం అసర్ నమాజు తరువాత మొదలుపెడదాము. మీ మీ నోటుబుక్కులు తెచ్చుకోండి.

సెలవు.