చేరనిది ఏది?



మా ఇండ్లలో చిన్నపిల్లల ముందు నాలుగు బొమ్మలు పెట్టి, వీటిలో చేరనిది ఏది అని అడుగుచుందుము. కాకి, పావురము, చిలుక, గబ్బిలము. గబ్బిలముపై వేలు పెట్టగానే చప్పట్లు కొట్టరాదు. “ఎందుకు?” అని అడగవలెను. “ఎగురుతుంది కనుక” అన్నచో చెల్లదు, నాలుగును ఎగురునవే. అన్నంభట్టు తన తర్కసంగ్రహ దీపికలో చెప్పిన అతివ్యాప్తి ఇదియే. ఆవునకు కొమ్ములే గుర్తన్నచో గేదెకును కొమ్ములున్నవి గదా! “ఈకలు లేవు, పిల్లలకు పాలిస్తుంది” అన్నచో నిలుచును.

చిలుకను చూపి “ఇదొక్కటే పచ్చన” అన్నవానిని కసరకుడు. రంగును బట్టి వాడు చెప్పినది సరియే. జాతిని బట్టి చూడుమని మరల అడుగుడు.

ఈ ఖుర్దారోడ్డులో ఒడియా బడికి పోవు మన పిల్లలు గబ్బిలమును బాదుడి అందురు. అననిండు. “ఎందుకంటే” తరువాతి మాటలు మాత్రము తెలుగులో చెప్పింపుడు. ఉప్పు పప్పు అడుగుటకు వచ్చు తెలుగు, కారణము చెప్పుటకు వారికి రాకున్నది. మా బెంగ అదే.

డ్యూటీ దిగిన తరువాత పది నిముషములు చాలును. బొమ్మలు కొననక్కరలేదు, పాత క్యాలెండరు వెనుక గీయవచ్చును. మనము గీసిన గుర్రము వారికి కుక్కవలె కనబడినచో, ఎందుకట్లు కనబడినదో అదియు అడుగుడు.