పాత కారునకు బ్రేకు ఆయిలు

నేడు నేను ముచ్చటింపబోవునది కావ్యము గాదు, వ్యాకరణము గాదు. పాత కారులో పోయు బ్రేకు ఆయిలును గూర్చి. బడిపంతులున కిది యేల యని మీరు నవ్వవచ్చును. కాని నా యజ్ఞానము వలన నొకప్పుడు అయిదుగురి ప్రాణములకు ముప్పు రాబోయినది. అట్టి పొరపాటు మీ యిండ్లలో జరుగరాదని యీ నాలుగు మాటలు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో కొందరి యిండ్ల ముంగిట నిప్పటికిని పాత అంబాసిడరు కారులు, జీపులు కనబడును. అంబాసిడరు తయారీ 2014లోనే నిలిచిపోయినది. తండ్రుల నాటి వస్తువను మమకారముచేత వానిని అమ్మజాలక, ఏడాదిలో పది నెలలు కొట్టములో నుంచి, పెండ్లికో శివరాత్రికో బయటికి దీయుదురు. మా యింట నున్నదియు నట్టిదే.

ఒక శివరాత్రికి శ్రీశైలము బయలుదేరితిమి. బ్రేకు ఆయిలు కొంచెము తగ్గినదని డ్రైవరు చెప్పగా, అటకమీద మూడేండ్లుగా మూత వదులై పడియున్న సగము డబ్బాను నేనే తీసి యిచ్చితిని. ఉన్నదానిని పారవేయుట యేల యను పొదుపు! మన్ననూరు దాటి నల్లమలలో చాల దూరము సుఖముగనే పోతిమి. దోమలపెంట దాటి కృష్ణవైపు ఘాటు దిగుచుండగా, మలుపు మలుపునకు బ్రేకు త్రొక్కి త్రొక్కి, తుదకు పెడలు అడుగంట దిగిపోయినది. డ్రైవరు గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, కొండవైపు గట్టునకు చక్రము నానించి బండిని నిలిపెను. అరగంట చల్లారిన పిదప పెడలు మరల యథాస్థితికి వచ్చినది. దైవలీల యనుకొంటిమి. ఇంటికి వచ్చిన తరువాత మెకానిక్కు వలన కారణము తెలిసినది.

మన కాలి బలమును చక్రములకు మోసికొనిపోవునది గొట్టములలోని యీ ద్రవమే. ద్రవము నొత్తిన నణగదు, ఆవిరి యణగును. మామూలు బ్రేకు ఆయిలు గ్లైకాలు జాతిది. వానకాలమున ఉప్పు చెమ్మగిల్లునట్లు అది గాలిలోని తడిని పీల్చును. క్రొత్త డాట్ 3 రకము 205 డిగ్రీల సెంటిగ్రేడునకు లోపున మరగరాదని నియమము. నూటికి సుమారు నాలుగు పాళ్లు నీరు చేరినచో 140 డిగ్రీలకే మరగవచ్చును. డాట్ 4నకు ఆ లెక్కలు 230, 155. బండిలో నున్న పాత ఆయిలు, నేను పోయించినది రెండును తడి పీల్చినవే. చక్రముల వేడికి మరిగి ఆవిరి పుట్టెను. మా త్రొక్కుడంతయు ఆవిరి నణచుటకే సరిపోయెను. చల్లారగానే ఆవిరి మరల ద్రవమయ్యెను.

ఇక సిలికోను ద్రవము. దీనిని డాట్ 5 అందురు. ఊదారంగున నుండును. తడిని పీల్చదు, 260 డిగ్రీల లోపున మరగరాదు, గ్లైకాలువలె కారు రంగును లేపదు. అందుచేత నెలల తరబడి కదలని పాత బండ్లకు దీనిని పలువురు మెచ్చుదురు. దోషములును గలవు. గాలిబుడగలను పట్టియుంచును గనుక డబ్బాను కుదుపక మెల్లగా పోయవలెను. అట్లు పోసినను పెడలు కొంత మెత్తగనే యుండును. ఎట్లో లోన జొచ్చిన నీరు దానిలో కలియక పల్లమున చేరి, అచ్చటి యినుమును త్రుప్పుపట్టించును. 100 డిగ్రీలకే మరగును. ఏబీఎస్ గల క్రొత్త కారులకు ఇది పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యము: సిలికోనును గ్లైకాలును ఎన్నడును కలుపరాదు. మారదలచినవారు పాత ద్రవమంతయు దీయించి, గొట్టములు కడిగించి ఆరబెట్టించి, రబ్బరు వాషర్లు మార్పించి, ఆ పిదపనే పోయింపవలెను. అంత పని చేయింపలేనివారు కారు పుస్తకములో చెప్పిన గ్లైకాలు రకమునే రెండేండ్లకొకసారి మార్చుకొనుట మేలు. డాట్ 5.1 అను పేరు చూచి భ్రమపడకుడు; అది గ్లైకాలు జాతిదే. ఆయిలను మాటయు మోసపుచ్చును. ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు ఉబ్బి చెడును. తొలిరోజులలో, మన పాలమూరు చేలలో పండునట్టి ఆముదమును మద్యసారముతో కలిపి బ్రేకులకు వాడిరి. నేటి బండ్లకు ఆ వైద్యము చేయరాదు.

నిలువ సంగతి. ఒక్కసారికి సరిపోవు చిన్న డబ్బానే కొనుడు. మూత తీసిన గ్లైకాలు డబ్బాలో మిగిలినదానిని మరల వాడకుడు. సీలు తీయని డబ్బాను పొడిచోట, నీడలో, ఇంజను నూనెలకును పొలము మందులకును దూరముగా, పిల్లల కందకుండ ఉంచుడు. నీళ్లసీసాలలో పోసి పెట్టకుడు. గ్లైకాలు ద్రవము విషము. తీసిన పాత ద్రవమును బావి చెంతనో కాలువలోనో పారబోయక, షెడ్డువారికే యప్పగింపుడు. ఏ రకము పోసితిరో, ఎన్నడు పోసితిరో చీటి వ్రాసి మాస్టరు సిలిండరు చెంత కట్టుడు. మీ తరువాత బండి నడుపువారికి అదియే దారి చూపును.

మా కారునకు నేను సిలికోను పోయింపలేదు. రెండేండ్లకొక మాఘమాసమున, శివరాత్రికి ముందే, క్రొత్త గ్లైకాలు పోయించి చీటిమీద తేదీ మార్చుచున్నాను. అటకమీది డబ్బా మాత్ర మిప్పుడు లేదు. సెలవు.