అతిథికి మన పట్టణమున ఏమి చూపవలెను?

(చెన్నపట్టణపు తెలుగువారి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మార్గశిరము సమీపించుచున్నది. ఈ దినములలో మన యిండ్లకు విదేశములనుండి అతిథులు వచ్చుట పరిపాటి. మన పిల్లలతో అచ్చట చదివినవారు, వారితో కలసి పనిచేయువారు విమానము దిగి, మీ యూరిలో ఏమేమి చూడవలెనని అడుగుదురు. వెంటనే మనము వ్రేళ్లు మడిచి చెప్పు జాబితా ఒకటి కలదు. మెరీనా తీరము, కోట, శాంతోము, కపాలీశ్వరాలయము, మరునాడు మహాబలిపురము. ఈ జాబితాలో దోషమేమియు లేదు. కాని యిది ఆ అతిథి చేతిలోని పుస్తకమునందే ఉన్నది. దానిని చూపుటకు బాడుగకారు నడుపువాడు చాలును. మన యింటికి రానక్కరలేదు.

ఈ పట్టణమునకు అతిథులుగా వచ్చినవారిలో త్యాగరాజస్వామి కంటె గొప్పవా రెవ్వరు? వారిని ఆహ్వానించి ఆదరించిన గృహస్థు కోవూరు సుందరేశ మొదలియారు. ఆయన తమిళుడు. అతిథికి పట్టణవైభవము మాత్రమే చూపి ఊరకుండక, సమీపముననున్న తన కోవూరునకు తోడ్కొనిపోయి, అచ్చటి సుందరేశ్వరుని దర్శింపజేసెను. అది కాశీయు కాదు, కంచియు కాదు. అయినను కోవూరు పంచరత్నములని నేడు మనము పాడుకొను ఐదు కృతులు ఆ దర్శనము వలననే కలిగినవి. మొదలియారు గారు తాను చేతులు జోడించు దేవుని యొద్దకే అతిథిని తీసికొనిపోయెను. మేము ఈ విషయమున ఆయన పద్ధతినే పట్టుదుము.

కావున మా జాబితాలో మొదటిది ఎగ్మూరు మ్యూజియము. అది 1851లో స్థాపింపబడినది. కొన్ని సంవత్సరముల క్రిందట లండను నగరమునుండి వచ్చిన మిత్రు నొకనిని అచ్చటికి తీసికొనిపోతిమి. ఆయన వృత్తిచే ఇంజనీరు. శిల్పములయందు ప్రత్యేకాభిరుచి కలవాడు కాడు. అమరావతి శిలల యెదుట నిలువబడి, ఇట్టివి మా యూరిలోనే చూచితిననెను. నిజమే. కృష్ణాతీరమున గుంటూరు సీమలో శిథిలమై పడియున్న మహాచైత్యమును 1845లో వాల్టరు ఇలియట్ దొర త్రవ్వించి, దొరకిన శిలలను ఈ పట్టణమునకు పంపెను. వానిలో పెక్కింటిని 1859లో ఓడ యెక్కించి లండనుకు తరలించిరి. అవి బ్రిటిషు మ్యూజియమున చేరినవి. తరువాతి త్రవ్వకములలో లభించినవి పెక్కు ఇచ్చట నిలిచినవి. ఒకే స్తూపపు రాళ్లు, ఒకే ఉలి చెక్కిన కమలములు, రెండు నగరములయందు విడివిడిగా ఉన్నవి. కృష్ణ యొడ్డున పుట్టి చెన్నపట్టణమున స్థిరపడినవి కొన్ని, సముద్రము దాటినవి కొన్ని. మన కుటుంబముల వలెనే, అని మాలో ఒకరనగా ఆ మిత్రుడు నవ్వెను. కొంతసేపటికి నవ్వు మాని మరల రాళ్లవైపు తిరిగెను. ఆ దినమున మరి యేమియు చూపలేదు. చూపవలసిన అవసరమును కలుగలేదు. (మ్యూజియమునకు శుక్రవారము సెలవు. అతిథిని గేటువరకు తీసికొనిపోయి వెనుకకు మరలు వారు ప్రతి సంవత్సరమును ఒకరిద్దరు ఉందురు.)

రెండవది సంగీత కచేరీ. డిసెంబరు నెలలో ఈ పట్టణమునకు సాటియగు పట్టణము మరియొకటి లేదు. 1928లో స్థాపింపబడిన మ్యూజిక్ అకాడమీ మొదలు వీధిచివర సభలవరకు నిత్యము పాటయే. మధ్యాహ్నపు కచేరీలకు అనేక సభలలో టికెట్టు కూడ లేదు. యువగాయకులను, అనుభవించి వినువారిని ఒక్కచోటనే చూడవచ్చును. పిమ్మట సభ వంటశాలలో ఆకుమీది భోజనము. కొందరు రసికులు దీనికొరకే కచేరీకి వత్తురని మా అనుమానము. అతిథి వినవలసిన దేమనగా, పాడువారు తమిళులు, వినువారిలో అధికులు తమిళులు, పాట మాత్రము తెలుగు. త్యాగరాజస్వామియు, శ్యామశాస్త్రులును, క్షేత్రయ్యయు తెలుగున పలికినదానిని తమిళ సోదరులు కంఠస్థము చేసి కాపాడుచున్నారు. ఈ మాట మనము గర్వముతో కాక కృతజ్ఞతతో చెప్పవలెను.

ఇచ్చట ఒక సంగతి చెప్పక తప్పదు. మాలో ఒకరి మనుమరాలు సంగీతము నేర్చుకొనుచున్నది, కంఠము చక్కనిది. ఇంటికి వచ్చిన విదేశీయ మిత్రురాలు ఆమె పాట విని సంతోషించి, పుస్తకము చూపుమనెను. కృతులన్నియు తమిళలిపిలో వ్రాసికొనబడియున్నవి. ఇది మీ మాతృభాష అంటివి గదా, ఈ అక్షరములు మీవేనా, అని అతిథి యడిగెను. ఆ పిల్ల కావని చెప్పెను. పాటకు అర్థ మేమని అడుగగా తాతగారివైపు చూచెను. ఆ బిడ్డను తప్పు పట్టువారము కాము. 2006 నాటి చట్టము ననుసరించి పాఠశాలలలో తమిళము తప్పనిసరి యయ్యెను. తమిళము నేర్చుట మంచిదే. ఈ నేలమీద నివసించువారికి అది అవసరము కూడ. కాని తెలుగు అక్షరములు నేర్పుటకు ఇంటిలో రోజునకు అరగంట దొరకకపోవునా? అతిథి యడిగిన ప్రశ్న మనలను మనమే అడుగుకొనలేదు.

ఇక కోట. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఆంగ్ల వర్తకులకు ఇచ్చిన స్థలము అదియే. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణ మయ్యెనని ప్రసిద్ధి. 1680లో ప్రతిష్ఠించిన సెయింటు మేరీ చర్చి అందున్నది. రాబర్టు క్లైవు వివాహము 1753లో అచ్చటనే జరిగెను. సచివాలయము కూడ కోటలోనే యుండుటచే తనిఖీ ఉండును. అతిథి పాస్‌పోర్టు వెంట నుండవలెను.

కోట చూచినవారికి మైలాపూరున రాయపేట హైరోడ్డులోని ఒక గృహమును కూడ చూపవలెనని మా అభిప్రాయము. 1952 అక్టోబరు 19న ఆరంభించిన నిరశనమును విడువక, ఆ సంవత్సరము డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు అసువులు బాసినది అచ్చటనే. అది బులుసు సాంబమూర్తి గారి గృహము, నేడు స్మారకము. అతిథులయెదుట ఈ పాతగొడవ లెందుకు, పొరుగువారు నొచ్చుకొనరా, అని కొందరు పెద్ద లందురు. మేము అంగీకరింపము. పొరుగువారికి ఈ చరిత్ర తెలియును. మనము గొంతు పెంచక, ఉన్నదున్నట్లు చెప్పవచ్చును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. ఈ పట్టణము అందు చేరలేదు. అట్లయిన మీరు ఎందుకు వెళ్లలేదని అతిథి తప్పక అడుగును. ఇందులకు సభలో వ్రాసియిచ్చు సమాధానము లేదు. తాత కట్టిన యిల్లు, అమ్మమ్మ చేసిన వ్యాపారము, తమిళవీధిలో పెరిగిన బాల్యము: ఎవరి సమాధానము వారే చెప్పవలెను.

జార్జిటౌనునకు ఉదయము ఏడు గంటలకే పోవలెను; ఎండ యెక్కినచో ఆ వీధులలో నడచుట శిక్ష. కొత్వాలు చావడి కూరగాయల టోకు వ్యాపారము 1996లో కోయంబేడునకు తరలినను, వీధుల సందడి తగ్గలేదు. కన్యకాపరమేశ్వరి దేవస్థానము సమీపముననే కలదు. త్యాగరాయనగరమున పట్టుచీర కొనదలచిన అతిథికి, ఆ పేట పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, పక్కనున్న తోట పేరు పానగల్లు రాజాగారిది అని ఒక్క మాట చెప్పిన చాలును. ప్రతి వీధిమలుపున ఇది మావారిది, అది మావారిది అని లెక్కించుట అతిథికి విసుగు, విను పొరుగువానికి కోపము.

దేవాలయములలో కొన్నింట హిందువులు కానివారికి గర్భాలయ ప్రవేశము లేదు. ద్వారముకడ సిగ్గుపడునట్లు చేయక, ముందే చెప్పవలెను. భోజనము విషయమున మన గోంగూర, ఆవకాయ మొదటిరోజుననే వడ్డింపవద్దు. పప్పు, నెయ్యి, పెరుగుతో ఆరంభింపుడు. అతడు తానే ఆవకాయ అడుగువరకు ఓపిక పట్టుడు.

ఈ ఋతువున అతిథులు రానున్న గృహస్థులు కార్యదర్శిగారికి తెలిపినచో, మ్యూజియమునకును కచేరీలకును తోడు పోవుటకు ఇద్దరు యువకులు సిద్ధముగా నున్నారు. వారికి తెలుగు చదువుట, వ్రాయుట వచ్చును. పై యేడాదికి ఆ యిద్దరు నలుగురు కావలెనన్న, ఆదివారపు తరగతికి పిల్లలను పంపుడు. పలకలు సంఘమే ఇచ్చును.