నిగ్రహమే ధైర్యము
(పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



సాహసమును జూచి చప్పట్లు గొట్టుట సులభము. దాని వెనుకనున్న నిగ్రహమును గుర్తించుట కష్టము.

1992వ సంవత్సరము అక్టోబరు మాసమున, హిమాచల ప్రదేశమందలి పర్వానూ కడ, లోయపై గట్టిన తీగలమీద నడచు బండి యొకటి ప్రయాణికులతో నడుమ నిలిచిపోయెను. వాయుసేనకు జెందిన గ్రూప్ కెప్టెన్ ఫాలీ మేజర్ తన హెలికాప్టరును దానిపైకి దెచ్చి గాలిలో నిలిపెను. రెక్కల గాలికి బండి యూగును. యంత్ర మొకింత జారినను రెక్కలకు తీగ తగులును. అట్టిచోట సైన్యమునకు జెందిన మేజర్ ఐవాన్ క్రాస్టో త్రాటితో దిగి, ఒక్కొక్కరినే పైకి బంపసాగెను.

చీకటి పడెను. ఇంకను గొందరు మిగిలియుండిరి. అట్టివేళ "మరియొక్కరిని" అని మనస్సు తొందరపెట్టక మానునా? అయినను చోదకుడు వెనుదిరిగెను. క్రాస్టో మాత్రము మిగిలినవారికి తోడుగా ఆ బండిలోనే రాత్రి గడపెను. మరునాడు వారును రక్షింపబడిరి. ఇట్లు 10 మంది ప్రాణములు దక్కినవి.

ఆ సాయంకాలము వెనుదిరుగుట పిరికితనమా? కాదు. పరుల ప్రాణములను తన యావేశమునకు పణముగా నొడ్డకుండుటయే యది.

వరదలలో, అగ్నిప్రమాదములలో సేవకు బోవు యువకులారా! ఈత నేర్వక నీట దూకువాడు, రక్షింపవలసినవారి సంఖ్యను మరియొకటి పెంచును. ప్రతిదినము నభ్యసింపుడు, నాయకుని యాజ్ఞకు లోబడుడు, ఆగవలసినచోట నాగుడు. తన్ను దాను గెలిచినవాడే పరులను గట్టెక్కింపగలడు.