మొదటిసారి గోదాలో దిగువారు

కుస్తీ అనగానే మన మనస్సులలో మెదలునది కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారి విగ్రహము. నేడు నేను ముచ్చటింపనున్నది అట్టి మహాబలులను గూర్చి కాదు. నాలుగైదు నెలలుగా పట్టులు నేర్చి, ఏ అనంతపురములోనో హిందూపురములోనో జరుగు పోటీకి తొలిసారి పేరిచ్చి, రాత్రులు నిద్రపట్టక దొర్లుచున్న మీ యింటి పిల్లవానిని గూర్చి. ఈ దినములలో ఆడపిల్లను గూర్చియు.

ఈ మెట్టసీమకు మల్లవిద్య క్రొత్తది కాదు. 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ మన చెంతనే యున్నది. అంతకు ముందు, 1520 ప్రాంతమున, విజయనగరము చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వ్రాసియుంచెను. రాయలు తెల్లవారక మునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలికి పట్టించుకొని, మట్టితో చేసిన బరువులెత్తి, కత్తి త్రిప్పి, నూనె యంతయు చెమటయై కారువరకు శ్రమించి, పిమ్మట తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టెడివాడట. అటుపై గుఱ్ఱపుస్వారి. ఇది విని ఎవరును నూనె త్రాగబోవలదు! గ్రహింపదగినది ప్రతిదినమును సాగిన ఆ అభ్యాసము. అయితే ఆ మల్లుడు ఏలినవారిని నిజముగా పడద్రోసెడివాడా అన్నది పేస్ చెప్పలేదు. మన కుఱ్ఱవానికి అట్టి మొగమాటపు జోడు పనికిరాదు. వారమునకు రెండు మారులైనను తనకంటె నేర్పరియైన వానితో, గడియారము పెట్టుకొని పెనుగులాడవలెను.

పెద్దల ఫ్రీస్టయిల్ కుస్తీలో మూడేసి నిమిషముల విడుతలు రెండు, నడుమ 30 సెకనుల విరామము. వినుటకు స్వల్పమే. మొదటి నిమిషములోనే బలమంతయు వెచ్చించిన క్రొత్తవానికి నాలుగవ నిమిషమున చేతులు లేవవు. భయముచేత ఊపిరి బిగబట్టుట మరియొక చిక్కు. గట్టునున్న వస్తాదు "ఊపిరి విడువురా" అని కేకవేయునది ఇందుకే. పది పట్టులు తెలిసియుండుటకంటె, అలసిన వేళ రెండింటిని తప్పక పట్టగలుగుట మేలు. పడుటయు నేర్వవలెను. 1882లో జిగొరో కానో జపానులో నెలకొల్పిన జూడో విద్యలో క్రొత్తవారికి మొదట నేర్పునది దెబ్బ తగులకుండ పడుటయే. కీలు మెలిపడినపుడు అరచేతితో రెండు మారులు తట్టినచో ప్రత్యర్థి విడువవలెను. ఆ తట్టుటను అక్కడ ఎవరును పిరికితనముగా నెంచరు.

ఇక తల్లిదండ్రులు చెవియొగ్గి వినవలసిన సంగతి బరువు. పోటీలు బరువును బట్టి తరగతులుగా జరుగును. ఒక కిలో తగ్గినచో క్రింది తరగతిలో చేరి సులభముగా గెలువవచ్చునని ఎవరో చెప్పుదురు. పిల్లవాడు రెండు దినములు నీరు మానును, ఎండలో దుప్పటి కప్పుకొని పరుగెత్తును. ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటు ఎండ మనది! శరీరపు బరువులో నూటికి రెండు వంతుల నీరు పోయినను పట్టు సడలును, గుండె వేగము హెచ్చును. 1997 చివరి రెండు నెలలలో అమెరికాలో ముగ్గురు కళాశాల విద్యార్థులు ఇట్లే బరువు దించుకొనబోయి ప్రాణములు కోల్పోయిరి. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్ క్రీడలలో వినేశ్ ఫోగాట్ రాత్రియంతయు శ్రమించియు, ఫైనలు నాటి ఉదయము 50 కిలోలకు 100 గ్రాములు హెచ్చుగా తూగినందున పోటీకి దూరమైరి. అంతటి ఆరితేరిన వారికే తప్పని చిక్కును తొలిసారి దిగు బాలునకు తెచ్చిపెట్టుట ఎందులకు? సహజముగా తూగు తరగతిలోనే వానిని నిలుపుడు.

పోటీనాడు క్రొత్త తిండి వలదు. అలవాటైన రాగిసంకటియే యైనను మూడు గంటల ముందు, కొంచెము తక్కువగా పెట్టుడు. గోళ్ళు తీయించుడు. ఏటేట సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను నేల మనది. పోటీ జరుగు చోట మంచినీరు దొరకునో లేదో. తూకము ముగిసిన వెంటనే త్రాగుటకు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఒక పెద్ద సీసా నిండ నింపి, వాని సంచిలో మీరే పెట్టుడు.